పక్షం మారితే

గురువారం రాత్రి, గ్రిమ్స్‌బీలో
మూతపడ్డ బ్యాంకు మేడ మీద పెద్దవాళ్ల లెక్కల క్లాసు.
నాతో కలిపి ఐదుగురం. హీటరు ఒకటే, అదీ దగ్గుతుంది.

బెవర్లీ చేపల ఫ్యాక్టరీ నుంచి తిన్నగా వస్తుంది,
ఎంత కడిగినా చేతుల్లో నిమ్మకాయ వాసన కింద హాడక్ వాసన.
"కూడికలో ఎవరు ముందైనా ఒకటే," అన్నాను.
"మా దగ్గర కాదు," అంది.
"ముల్లు తీసి పొగబెడితే చేప.
పొగబెట్టి ముల్లు తీస్తే పిప్పి."
పుస్తకం నాలుగు పేజీలు నమిలిన స్థిత్యంతర ధర్మాన్ని
ఒక్క వాటుకి కోసి బల్ల మీద పెట్టింది.
నిజమే. కూడికకూ హెచ్చవేతకూ ఎటైనా వరస కలుస్తుంది,
తీసివేతకు కలవదు.
పదిలోంచి రెండు తీస్తే మిగులు,
రెండులోంచి పది తీస్తే అప్పు.

సున్నా దగ్గర గొంతు తగ్గించాను.
కలిపితే ఎవరినీ నొప్పించదు,
హెచ్చవేస్తే మాత్రం తిరుగు దారి ఉండదు.
ఐదు వెళ్లిందో ఏడు వెళ్లిందో
బయట నిలబడ్డవాళ్లకి తెలియదు.
"అలాంటి పడవ ఒకటుండేది," అన్నాడు లెన్.
పేరు చెప్పలేదు. మేం అడగలేదు.

లెన్‌కి డెబ్బై రెండు. పరీక్ష రాయడట.
ఒక చీటీ సంగతి తేల్చుకోవాలట.
యాభై తొమ్మిది నవంబరు, వాళ్ల నాన్న మూడు వారాల వేట జీతం.
వచ్చింది యాభై ఎనిమిది పౌండ్లు.
బూట్లకూ పొగాకుకూ కోత నాలుగు.
ఒడ్డుకి పంపమన్నది, వారానికి ఇంత చొప్పున.
ఆ "ఇంత" మీద ఉప్పునీళ్లు పడి సిరా అలుక్కుపోయింది.
చేతికిచ్చింది ముప్పై తొమ్మిది.

అలుక్కుపోయిన చోటికి ఎక్స్ అని పేరు పెట్టాం.
మా భాషలో దీన్ని బీజగణితం అంటారు, విత్తనాల లెక్క, అన్నాను.
"మొలవకముందే లెక్కపెట్టేస్తారా?" అన్నాడు.

మా సోంపేట మాస్టారు బెత్తంతో నేర్పిన మంత్రం:
పక్షం మారితే గుర్తు మారుతుంది.
చాలా ఏళ్లు నమ్మాను, సమానం గుర్తు ఒక సరిహద్దనీ
దాటేవాడు చొక్కా తిప్పి తొడుక్కోవాలనీ.
ఎవరూ దాటరు.
రేవులో చేపలు తూచే త్రాసు అది,
అటు నాలుగు వేస్తే ఇటూ నాలుగు వేయాలి, అంతే.
ఇక మిగతాది ముడులు విప్పడం,
చివర వేసిన ముడి ముందు.

దారియుస్ తొందరపడి మొదటే మూడుతో భాగించాడు,
బూట్ల నాలుగుని అలాగే వదిలేసి.
"భాగించొచ్చు. కానీ పంక్తిలో కూర్చున్న అందరికీ వడ్డించాలి,"
అన్నాను. వాడికి పంక్తి అంటే ఏమిటో
చెప్పడానికే ఐదు నిమిషాలు పట్టింది.

లెన్ తన దారిన తను చేశాడు, నాలుక పళ్ల మధ్య పెట్టుకుని.
నాలుగు పోతే యాభై నాలుగు.
ముప్పై తొమ్మిది తీస్తే పదిహేను.
మూడు వారాలకి పదిహేను,
వారానికి ఐదు.

పెన్సిలు ఆగింది.
"అమ్మకి వచ్చేవి నాలుగే.
వారం వారం పోస్టాఫీసు వరుసలో పక్కనే ఉండేవాణ్ణి.
నాలుగే."
కింది నుంచి పైకి మళ్లీ కట్టుకుంటూ వచ్చాడు.
ఐదు మూళ్లు పదిహేను, నాలుగు కలిపితే పందొమ్మిది,
ముప్పై తొమ్మిది కలిపితే యాభై ఎనిమిది.
ఎక్కడా అతుకు ఊడలేదు.
ఎంత అని అడిగాం, చెప్పింది.
ఎవరికి అన్నది దాని పని కాదు.

హీటరు దగ్గింది.
బెవర్లీ కిటికీలోంచి లేని ఓడల్ని చూసింది.
"ఆ ఒక్క పౌండుకూ అక్షరం ఉందా?" అన్నాడు లెన్.
"వై ఖాళీగానే ఉంది."
చీటీ మూలన వై రాశాడు,
పక్కన సమానం గుర్తులో ఒక గీత గీసి
రెండోది గీయకుండా
మడిచి కోటు లోపలి జేబులో పెట్టుకున్నాడు.

వచ్చే వారం పాఠం రెండు అవ్యక్తాలు.
దానికి రెండో సమీకరణం కావాలి.
వస్తావా అని నేను అడగలేదు.
మెట్లు దిగుతూ ఒక్కో మెట్టూ లెక్కపెడుతున్నాడు,
పైకి వినిపించేలా.